ఒక్క తోపు తోస్తే

దిగిపోయిన బ్యాటరీకి ఊతమిచ్చి కారును లేపే జంప్ స్టార్టర్ పెట్టెల మీద ఎక్కువగా మంచుకొండ బొమ్మ ఉంటుంది. కారు బ్యాటరీ చలికి చచ్చిపోతుందని చలిదేశాల వాళ్ల అనుభవం, బొమ్మ వాళ్ల కోసం వేసింది. మా కర్నూలు, కడప సీమలో ఆ పని చేసేది ఎండ. ఏప్రిల్ సగం గడిచిందంటే నంద్యాల, జమ్మలమడుగు, కడప వైపు ఎండ 43, 44 డిగ్రీలకు చేరుతుంది. కొన్ని ఏళ్లలో 45 కూడా దాటుతుంది. అది వాతావరణ శాఖ వాళ్లు నీడలో కొలిచిన లెక్క. మిట్టమధ్యాహ్నం ఓర్వకల్లు దాటి నల్లటి తారురోడ్డు మీద పోతున్న కారు బానెట్ కింద, ఇంజన్ పక్కనే కూర్చున్న బ్యాటరీ ఎంత వేడిని భరిస్తోందో ఆ లెక్కలో ఉండదు.

బ్యాటరీలో ఉండేది సీసపు పలకలు, గంధకామ్లం, నీళ్లు. వేడి పెరిగితే నీళ్లు ఆవిరవుతాయి, పలకలు తొందరగా అరిగిపోతాయి, బండి ఊరికే నిలబడి ఉన్నా లోపలి చార్జి దానంతటదే కారిపోతుంది. ఎనిమిది పది డిగ్రీల వేడి పెరిగినప్పుడల్లా ఈ జాతి బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఇంజనీర్లు ఒక మోటు లెక్క చెబుతారు. చల్లటి ఊళ్లో ఐదారేళ్లు నడిచేది ఇక్కడ మూడేళ్లకే మూలగడంలో వింతేమీ లేదు.

అయితే అది ఎండాకాలంలో చావదు. ఎండ దాన్ని లోలోపల తినేసి వదిలిపెడుతుంది. వానలొచ్చి, చలికాలం వచ్చి, సంక్రాంతికి ఊరికి పోదామని మబ్బులోనే లేచి తాళం తిప్పినప్పుడు సంగతి బయటపడుతుంది. ఆ వేళ ఇంజన్ ఆయిల్ కాస్త చిక్కబడి ఉంటుంది, బ్యాటరీలో రసాయనం కాస్త మందగిస్తుంది. ఆ కొద్దిపాటి బరువుకే అది చేతులెత్తేస్తుంది. జనం చలిని తిట్టుకుంటారు. చేసింది మే నెల.

ఇంతకీ కారు లేవడానికి కావలసిన శక్తి ఎంత? చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టర్ మోటారు సుమారు 150 ఆంపియర్లు లాగుతుంది. ఆ సమయంలో బ్యాటరీ 10 వోల్టుల దగ్గరికి దిగుతుంది. మూడు సెకన్లలో పని అయిపోతుంది. గుణించి చూస్తే వంద వాట్ల బల్బు ఒక నిమిషం వెలగడానికి కావలసినంత కూడా కాదు. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నప్పుడు నేను చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఐదుగురు మనుషుల్నీ వాళ్ల సామాన్నీ రెండు వందల కిలోమీటర్లు మోసుకుపోయే యంత్రాన్ని నిద్రలేపే ఖర్చు అంత చిన్నది. కాకపోతే అదంతా ఒక్కసారిగా, ఒక్క గుక్కలో ఇవ్వాలి. రోజంతా కొంచెం కొంచెంగా ఇస్తానంటే కుదరదు.

ఆళ్లగడ్డ వైపు మా ఊళ్లో జేజినాయనకు బావి మీద ఆయిల్ ఇంజన్ ఉండేది. కరెంటు మోటార్లు రాకముందు చెనిక్కాయకూ జొన్నకూ అదే దిక్కు. దాన్ని లేపడం చూడవలసిన పని. ఒక చేత్తో పైనున్న చిన్న మీటను ఎత్తిపట్టుకుంటాడు, సిలిండర్‌లో గాలి బిగుసుకోకుండా. రెండో చేత్తో హ్యాండిల్ తిప్పుతాడు, మొదట మెల్లగా, తర్వాత ఒళ్లంతా ఊగిపోయేటంత వేగంగా. ఫ్లైవీల్ ఊపందుకుందని తెలియగానే మీటను వదులుతాడు. ఇంజన్ ఒక్క దగ్గు దగ్గి పొగ వదిలి నడక అందుకుంటుంది. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచమని పిల్లలకు కూడా చెప్పేవాడు. ఇంజన్ ఎదురు తన్నితే వేలు చుట్టి పట్టినవాడి మణికట్టు విరుగుతుంది. పెట్టుబడి లేని రైతుకు ఆ కాలంలో తన భుజమే బ్యాటరీ.

కార్లకూ ఒకప్పుడు ఇదే పద్ధతి. ముందు నిలబడి హ్యాండిల్ తిప్పితేనే లేచేవి. చేతులు విరిగిన వాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లు కూడా ఉన్నారు. 1912లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ కాడిలాక్ కార్లలోకి వచ్చాక ఆ కష్టం తప్పింది. ఆడవాళ్లు ఎవరి సాయమూ లేకుండా కారు నడపడానికి దారి తెరిచిన వాటిలో అదొకటి. మన దగ్గర ఆ తర్వాత కూడా చాలాకాలం జీపులకూ లారీలకూ హ్యాండిల్ వేసుకునే వీలు ఉండేది. అదీ లేకపోతే నలుగురు కలిసి తోసేవాళ్లు. రెండో గేరులో క్లచ్ నొక్కిపెట్టి, వేగం రాగానే వదిలితే బండి అందుకునేది. ఇప్పటి ఆటోమేటిక్ గేరు బండ్లు తోస్తే లేవవు. ఎంతమంది వచ్చినా, ఎంత పల్లంలోకి తోసినా వాటి చక్రాలకూ ఇంజన్‌కూ మధ్య ఆ గట్టి బంధమే లేదు.

కార్ల సంగతి అలా ఉంచండి. ఎర్రగుంట్ల, ముద్దనూరు మధ్య రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 1650 మెగావాట్లది. రాత్రి పూట ఆ దారిన పోతే దీపాలతో ఒక చిన్న పట్నంలా కనిపిస్తుంది. రాష్ట్రానికి కరెంటు ఇచ్చే ఆ కేంద్రం కూడా పూర్తిగా ఆగిపోతే తనంతట తాను లేవలేదు. బొగ్గు పొడి చేసే మరలు తిరగాలి, బాయిలర్‌లోకి గాలి పంపే ఫ్యాన్లు తిరగాలి, నీటి పంపులు తిరగాలి. వాటన్నిటికీ కరెంటే కావాలి. గ్రిడ్ మొత్తం కుప్పకూలినప్పుడు ఆ మొదటి కరెంటు ఎక్కడినుంచి వస్తుంది? ఇంజనీర్లు జలవిద్యుత్ కేంద్రాల వైపు చూస్తారు. శ్రీశైలం లాంటి చోట గేటు తెరిస్తే నీళ్లు వాటంతట అవే వచ్చి పడతాయి. గేటు కదపడానికీ, మిగతా చిన్న పనులకూ ఒక డీజిల్ జనరేటర్ చాలు. జనరేటర్ జలకేంద్రాన్ని లేపుతుంది, జలకేంద్రం థర్మల్ కేంద్రాన్ని లేపుతుంది, అలా ఒక్కొక్క ఊరూ వెలుగుతూ వస్తుంది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకటైనప్పుడు అక్కడ ఇలాగే మెట్టు మెట్టుగా లేపుకొచ్చారు. దక్షిణాది గ్రిడ్ అప్పటికి దానితో పూర్తిగా కలవలేదు కాబట్టి మనకు ఆ దెబ్బ తగల్లేదు. మరుసటేడు చివర్లో మన పక్కనున్న రాయచూరు నుంచి షోలాపూరుకు వేసిన లైనుతో కలిసింది.

అంటే పెద్ద యంత్రాలన్నిటికీ ఇదే స్వభావం. నడక మొదలయ్యాక తమ బరువు తామే మోస్తాయి, ఇంకో పదిమంది బరువూ మోస్తాయి. ఆ మొదటి క్షణం మాత్రం బయటినుంచి రావాలి. జంప్ స్టార్టర్ చేసేది ఆ క్షణాన్ని అరచేతిలో పట్టే పెట్టెలో దాచిపెట్టడం. నాకు అది అందుకే ఇష్టం. పనితీరు తెలిసి కొంటే ఇంకా ఇష్టమవుతుంది.

మా సీమ మనిషి దాన్ని ఎంచుకునేటప్పుడు మొదట అడగవలసింది వేడి గురించే. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 2000 ఆంప్స్, 3000 ఆంప్స్ అని వేస్తారు. అది పీక్, అంటే రెప్పపాటు మాత్రం ఇవ్వగలిగింది. ఇంజన్ తిరిగే ఆ రెండు మూడు సెకన్లూ నిలకడగా ఎంత ఇస్తుందన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అసలే ఉండదు. దానికన్నా, ఎన్ని లీటర్ల పెట్రోలు ఇంజన్‌కు, ఎన్ని లీటర్ల డీజిల్ ఇంజన్‌కు పనికొస్తుందో చూడడం మేలు. మా పల్లెల్లో బొలెరోలు, స్కార్పియోలు ఎక్కువ. డీజిల్ ఇంజన్ గాలిని పదహారు పదిహేడింతలు బిగించాలి, పెట్రోలు ఇంజన్ పది పదకొండింతలతో సరిపెట్టుకుంటుంది. అందుకే డీజిల్ బండికి రెండు మూడింతల కరెంటు కావాలి. పెట్రోలుకు చాలే పెట్టెను కొని డీజిల్ బండికి తగిలిస్తే టిక్కుటిక్కుమని ఊరుకుంటుంది.

ఇక లోపల ఏముంది? చాలావాటిలో ఫోన్లలో ఉండే జాతి లిథియం సెల్లులే. వాటిని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు, ఇంకా ఎక్కువ వేడిలో నిలవ ఉంచకూడదు. ఎండలో తలుపులు మూసి నిలబెట్టిన కారు లోపల గంటలోనే 60 డిగ్రీలు దాటుతుంది. కనుక కారు కోసం కొన్న వస్తువును మే నెలలో కారులో ఉంచడానికి వీల్లేదు. చలిదేశం వాడికి ఈ చిక్కు లేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులున్నవి వేడిని కాస్త బాగా ఓర్చుకుంటాయి, మంట పుట్టే ప్రమాదం కూడా తక్కువ. కొంచెం బరువు, ధర ఎక్కువైనా నేను అటే మొగ్గుతాను. ఏదైనా సరే సెల్లుల మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16046 అంకె ఉన్నాయేమో అడగాలి. పేరూ ఊరూ లేని చౌక పెట్టెను పిల్లలు కూర్చునే సీటు కింద పెట్టుకుని తిరగడం నాకు సమ్మతం కాదు.

ఇంకో రకం ఉంది, సూపర్ కెపాసిటర్లది. అందులో బ్యాటరీయే ఉండదు. చచ్చిపోతున్న బ్యాటరీలో అడుగున మిగిలిన కాస్త కరెంటునే కొన్ని నిమిషాలపాటు పీల్చుకుని, ఒక్క ఉదుటున తిరిగి ఇస్తుంది. ఎండిపోతున్న బావిలో చెంబుచెంబు తోడి తొట్టి నింపి, ఆ తొట్టిని ఒక్కసారి కుమ్మరించినట్టు. బండి లేవడానికి లోపించింది శక్తి కాదు, దాన్ని ఒక్కసారిగా ఇచ్చే సత్తా అని పైన చెప్పిన లెక్క ఉందే, దాన్ని పూర్తిగా అర్థం చేసుకుని తయారు చేసిన వస్తువు ఇది. వేడిని బాగా ఓర్చుకుంటుంది, నెలనెలా చార్జి చేసే పని లేదు, ఎండలో కారులో ఉంచినా లిథియం సెల్లులంత భయం లేదు. బ్యాటరీ పూర్తిగా ఒట్టిపోతే మాత్రం వేరే చోటినుంచి నింపాలి, ఇంకో బండి నుంచో పవర్ బ్యాంకు నుంచో. మన బజార్లో ఇవి ఇంకా విరివిగా కనబడవు. రాయలసీమకు తగింది ఇదేనని నా గట్టి అభిప్రాయం.

గండికోటలో తెల్లవారుజామున పెన్నా లోయ మీద పొద్దు పొడవడం చూడడానికి ఇప్పుడు ఎక్కడెక్కడినుంచో వస్తున్నారు. రాత్రే వచ్చి గుడారాలు వేసుకుని పడుకుంటారు. మొన్నటి చలికాలం మేమూ పోయాం. తెల్లారి జనం తిరుగు ప్రయాణమవుతుంటే ఒక కారు దగ్గర నలుగురు కుర్రవాళ్లు బానెట్ ఎత్తి నిలబడ్డారు.

“అన్నా, నీ తావ కేబుళ్లు ఉండాయా? సెల్ఫ్ తిరగల్యా.”

“ఏమైంది?”

“రాత్రంతా పాటలు పెట్టినాం అన్నా, తాళం ఆన్‌లోనే ఉండిపాయె.”

ఒకసారి తాళం తిప్పమన్నాను. కటకటమని వరసగా చప్పుడొచ్చింది, డ్యాష్‌బోర్డు దీపాలు వెలవెలబోయాయి. అది బ్యాటరీ దిగిపోయిన గుర్తు. ఒక్క టక్‌మని ఊరుకుని దీపాలు బాగానే వెలుగుతుంటే టెర్మినల్ వదులైందనో, స్టార్టర్ మోటారులో లోపమనో అనుమానించాలి. ఇంజన్ బాగానే తిరుగుతూ అందుకోవడం లేదంటే తప్పు వేరేచోట ఉంది, అప్పుడు ఏ పెట్టే పనికిరాదు. ఈ మూడు చప్పుళ్లనూ చెవి వేరుచేసి పట్టుకోగలిగితే సగం మెకానిక్ అయినట్టే.

టెర్మినళ్ల మీద తెల్లగా పట్టిన ఉప్పును ఒక కుర్రవాడు గుడ్డతో తుడిచాడు. బ్యాటరీ ఎక్కడైనా ఉబ్బిందా, పగిలిందా, కారుతోందా అని చూశాం. అలా ఉంటే దాని జోలికి పోకూడదు, చార్జి అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పురవ్వ పడితే పేలుతుంది. సిగరెట్ పట్టుకున్నవాణ్ని దూరంగా పొమ్మన్నాను. ఏసీ, లైట్లు, పాటలు, ఫోన్ చార్జర్లు అన్నీ ఆపించాను. నా జంప్ స్టార్టర్ తెచ్చి తగిలించాను: ఎర్ర క్లాంపు ప్లస్ టెర్మినల్‌కు, నల్లది బ్యాటరీకి దూరంగా ఇంజన్ దగ్గరున్న పెయింటు లేని గట్టి ఇనుముకు. కేబుల్ మీది పచ్చదీపం వెలిగింది. తారుమారుగా తగిలిస్తే ఎర్రదీపం వెలిగి కూతపెడుతుంది. ఆ రక్షణ లేని కేబుల్ ఎంత చౌకగా వచ్చినా కొనవద్దు. బ్యాటరీ మరీ ఒట్టిపోతే అటు తీగ తగిలిందని కూడా పెట్టెకు తెలియదు, అలాంటప్పుడు బూస్ట్ బటన్ నొక్కాలి. ఆ బటన్ నొక్కాక ఏ రక్షణా పనిచేయదు గనుక రంగులు మళ్లీ సరిచూసుకోవాలి.

“ఇప్పుడు కొట్టు. ఐదు సెకన్లకన్నా పట్టుకోవద్దు.”

మొదటిసారి మూలిగింది. అరనిమిషం ఆగమన్నాను. తొందరపడి వెంటవెంటనే కొడితే కేబుళ్లూ మోటారూ వేడెక్కుతాయి. రెండోసారి అందుకుంది. వెంటనే క్లాంపులు తీసేశాను. లేచిన తర్వాత కూడా తగిలించి ఉంచితే ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే కారు ఆల్టర్నేటర్ 14 వోల్టులతో పెట్టెలోకే కరెంటు తోస్తుంది. జమ్మలమడుగు చేరేదాకా ఇంజన్ ఆపొద్దని, అక్కడితో ఆగకుండా ప్రొద్దుటూరు దాకా నడపమని చెప్పాను. పెట్టె వాళ్ల బ్యాటరీని నింపలేదు. దానిలో పట్టేది కారు బ్యాటరీలో పదో వంతు. నింపవలసింది ఆల్టర్నేటర్, దానికి సమయం కావాలి. కర్నూలులో సి.క్యాంపు నుంచి రాజ్‌విహార్‌కు ఏసీ వేసుకుని పోయి రావడం తప్ప వేరే పని లేని కార్ల బ్యాటరీలు ముందుగా పోయేది ఇందుకే. లేవడానికి ఖర్చుపెట్టింది తిరిగి జమ కాకముందే ఆపేస్తుంటారు.

వెనక్కి వస్తూ నేను ఆలోచించింది ఇంకో సంగతి. సీమలో బండి ఆగిందంటే జనం ఆగుతారు. ఇది నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నది. ట్రాక్టరువాడు దిగుతాడు, గొర్రెలు మేపేవాడు కర్ర పక్కన పడేసి భుజం ఆనిస్తాడు, బండి లేచాక పేరు కూడా అడక్కుండా పోతారు. ఎవరి పెట్టె వాళ్ల దగ్గరుంటే ఈ భుజం ఆనించడం పోతుందా? కొన్నాళ్లు నన్ను ఇది నిజంగా బాధించింది.

నా ప్రశ్నకు మా చెల్లెలు జవాబిచ్చింది. తను ప్రొద్దుటూరులో ఉద్యోగం చేస్తూ వారం వారం కారు తానే నడుపుకుంటూ మైదుకూరు, చాగలమర్రి మీదుగా కర్నూలు వస్తుంది. “నీకు రోడ్డు మీద నలుగురు గుమిగూడితే ధైర్యంగా ఉంటుంది. నాకు పొద్దు గూకినాక నలుగురు గుమిగూడితేనే భయం” అంది. నేను ఇంక మాట్లాడలేదు. అడిగి తెచ్చుకునే సాయం గొప్పదే, దాన్ని అడిగే స్థితిలో అందరూ ఒకేలా ఉండరు. కెటరింగ్ స్టార్టర్ నూరేళ్ల కిందట ఆడవాళ్లకు ఇచ్చినదాన్నే ఈ పెట్టె మళ్లీ ఇస్తోంది. పెద్ద రోడ్డు మీదైతే 1033కు ఫోన్ చేస్తే జాతీయ రహదారి సహాయం వస్తుంది. ఆ రోడ్డు దిగి అహోబిలం వైపు నల్లమలలోకి తిరిగితే మన దగ్గర ఉన్నదే మనది.

భుజం ఆనించడం కూడా పోలేదు. గండికోటలో ఆ ఉదయం జరిగింది అదే కదా. నా పెట్టె నా కారుకన్నా పరాయి కార్లకే ఎక్కువ పనికొచ్చింది. ఒకప్పుడు తోయడానికి నలుగురు కావలసిన చోట ఇప్పుడు ఒక్క మనిషి ఆగితే చాలు. యాగంటి గుడి దగ్గరో, బెలుం గుహల ముందో బానెట్ ఎత్తిన కారు కనబడితే ఆగడం నాకిప్పుడు అలవాటైపోయింది.

ఇదంతా విని మా బావమరిది కడప నుంచి ఫోన్ చేశాడు.

“బావా, నాకూ ఒకటి చెప్పు, ఏది కొనాల?”

“బ్యాటరీ ఎప్పటిది?”

“కారుతో వచ్చిందే. నాలుగు ఎండాకాలాలు అయిపోయినాయి.”

ముందు షెడ్డుకు పోయి వోల్టేజీ చూపించమన్నాను. రాత్రంతా ఆగిన బండి పొద్దున 12.6 చూపిస్తే ఆరోగ్యం, 12.2 అంటే సగం దిగింది, 12 కిందికి పోతే ఒట్టిపోయినట్టే. నిండా చార్జి చేసినా రెండు రోజులకే దిగిపోతుంటే మార్చేయాలి. రోజూ పొద్దున పెట్టె పెట్టి లేపుకుంటూ నెట్టుకొస్తానంటే ఆల్టర్నేటర్ మీద భారం పడుతుంది, ఒకనాడు ఘాటు దారిలో రెండూ మొండికేస్తాయి. కొత్తది తీసుకునేటప్పుడు తయారైన నెల చూసి, మూడు నెలల లోపుదే ఇమ్మని అడగమన్నాను. బ్యాటరీలు తయారు చేసే అమరరాజా కార్ఖానా ఉన్న కరకంబాడి తిరుపతి పక్కనే, కడపకు ఒక పూట ప్రయాణం. తాజాది అడగడం పెద్ద కోరికేమీ కాదు.

“సరే, బ్యాటరీ మారుస్తా. మరి పెట్టె?”

“అదీ కొను. మార్చి నుంచి జూన్ దాకా ఇంట్లో, నీడలో పెట్టు. దూరం పోయే రోజు మాత్రం బ్యాగులో వేసుకుని, బండి ఆపినప్పుడల్లా నీతోపాటు దించుకో. మూడు నెలలకోసారి చార్జి చూడు. ఇంకోటి, అమ్మాయికి క్లాంపులు తగిలించడం నేర్పు. పై నెలలో లైసెన్సు వస్తుందన్నావు కదా.”

“దానికి ఎందుకు బావా, నేను ఉంటా కదా” అన్నాడు. ఆ మాటకు వెనకనుంచి అమ్మాయే జవాబు చెబుతున్నట్టు వినబడి, ఫోన్ తనకిమ్మన్నాను.